తోప్ కా సాంచా నుంచి హైటెక్స్ కమాను దాకా

మొదటి రోజు: నాంపల్లి

రాజమహేంద్రవరంలో రాత్రి ఎక్కిన గోదావరి ఎక్స్‌ప్రెస్ తెల్లవారుజామున నాంపల్లిలో దింపింది. పాలిటెక్నిక్ వర్క్‌షాపులో ముప్పయ్యేళ్లకు పైగా పిల్లలకు లేత్ మీద, అంటే లోహాన్ని తిప్పుతూ చెక్కే యంత్రం మీద, పని నేర్పి పదవీ విరమణ చేసిన నేను ఈ ఆగస్టు వానల్లో హైదరాబాదు బయలుదేరడానికి ఒకటే కారణం. బాలానగర్‌లో చిన్న షెడ్డు నడుపుకుంటున్న నా పాత విద్యార్థి ఒకడు, హైటెక్స్ ప్రదర్శన ప్రాంగణంలో జరిగే హిమ్‌టెక్స్ యంత్ర పరికరాల ప్రదర్శనలో మొట్టమొదటిసారి సొంతంగా స్టాలు పెడుతున్నాడు. ‘‘మాస్టారూ, మీరు వచ్చి పక్కన కూర్చోండి, నాకు అదే ధైర్యం’’ అని ఫోనులో అడిగాడు. ప్రదర్శన మొదలు కావడానికి మూడు రోజుల ముందే వచ్చి, ఈ నగరం వస్తువులు తయారుచేయడం ఎక్కడ నేర్చుకుందో ఆ దారులన్నీ కాలినడకన చూడాలని నేనే అనుకున్నాను.

స్టేషను బయట ఇరానీ హోటల్లో చాయ్, రెండు ఉస్మానియా బిస్కట్లు ముగించుకుని గన్‌ఫౌండ్రీ వైపు నడిచాను. 18వ శతాబ్దం చివర నిజాం కొలువులో ఉన్న ఫ్రెంచి సేనాని రేమండ్ ఇక్కడ ఫిరంగులు పోత పోయించాడు. ఊరివాళ్లు ఆ చోటును తోప్ కా సాంచా అన్నారు, అంటే ఫిరంగి అచ్చు. రద్దీ రోడ్డు పక్కన మిగిలిన ఆ పాత ఇటుక గోడల దగ్గర ఆగి చూసేవారెవరూ కనిపించలేదు. రేమండ్ పేరును జనం ‘మూసా రాం’గా మార్చుకోగా అదే మూసారాంబాగ్‌గా నిలిచింది. పనివాడి పేరో కార్ఖానా పేరో ఊరి పేరైపోవడం ఈ నగరానికి అప్పటినుంచే అలవాటు కాబోలు.

అక్కడినుంచి ఎగ్జిబిషన్ మైదానానికి వచ్చాను. జనవరి 1న మొదలై ఫిబ్రవరి 15 దాకా సాగే నుమాయిష్ రోజుల్లో ఈ అజంతా గేటు దగ్గర నిలబడితే జనమే మనిషిని లోపలికి మోసుకుపోతారు. ఆగస్టులో మాత్రం వానకు తడిసిన ఖాళీ దుకాణాల వరుసలు, తుప్పు పట్టిన రేకులు, గడ్డి మొలిచిన దారులే కనిపిస్తాయి. చిన్నప్పుడు నాన్నగారి చేయి పట్టుకుని ఇక్కడికి వచ్చాను. కాశ్మీరు శాలువాలు, మిర్చీ బజ్జీలు, రంగులరాట్నం గుర్తున్నాయి గానీ, దీని అసలు పేరు అఖిల భారత పారిశ్రామిక ప్రదర్శన అన్న సంగతి పెద్దయ్యాకే తెలిసింది.

దీని పుట్టుక తెలుసుకోదగినది. హైదరాబాదు రాష్ట్రంలో ఆర్థిక సర్వే జరపాలని ఉస్మానియా విశ్వవిద్యాలయం పట్టభద్రులు తలపెట్టి, దానికి కావలసిన డబ్బు కోసం 1938లో బాగె ఆం, అంటే నేటి పబ్లిక్ గార్డెన్స్‌లో, పది రోజుల ప్రదర్శన ఏర్పాటు చేశారు. సుమారు 50 స్టాళ్లతో మొదలైన ఆ ప్రదర్శనకు ‘నుమాయిష్ మస్నుఆతె ముల్కీ’ అని పేరు పెట్టారు. స్థానికంగా తయారైన వస్తువుల ప్రదర్శన అని దాని అర్థం. 1946లో అది ఈ మైదానానికి మారింది. మన ఊళ్లో ఏం తయారవుతోందో లెక్క తీయాలన్న ఆలోచన, దాన్ని నలుగురికీ చూపాలన్న ఆలోచన ఒకే బల్ల దగ్గర పుట్టాయన్న మాట. నేటి నుమాయిష్‌లో ఎక్కువభాగం అమ్మకమే అయినా, వచ్చిన రాబడితో ఎగ్జిబిషన్ సొసైటీ ఆడపిల్లల పాలిటెక్నిక్ మొదలుకొని ఎన్నో విద్యాసంస్థలు నడుపుతోంది. పాలిటెక్నిక్ మనిషిని కాబట్టి, ఆ ఒక్క సంగతికే ఆ ఖాళీ మైదానానికి నేను నమస్కారం పెట్టుకున్నాను.

రెండో రోజు: బాలానగర్

నాంపల్లి నుంచి మియాపూర్ వైపు వెళ్లే మెట్రో ఎక్కి, కిటికీలోంచి పేర్లు చదువుకుంటూ వెళ్లాను. భరత్‌నగర్ దాటేటప్పుడు ఒకవైపు కనిపించే సనత్‌నగర్‌లో 1942లో ఆల్విన్ పుట్టింది. బస్సులకు బాడీలు కట్టింది, రిఫ్రిజిరేటర్లు చేసింది, తరవాత చేతి గడియారాలూ చేసింది. మా ఇంట్లో మొదటి ఫ్రిజ్ ఆల్విన్‌దే. ఆ కంపెనీ ఇప్పుడు లేదు గానీ ఆల్విన్ కాలనీ ఉంది. కవాడిగూడలో 1943లో మొదలైన ప్రాగా టూల్స్ పేరుతో మా తరం మెకానికల్ విద్యార్థులందరికీ పరిచయమే, ఎందుకంటే మా వర్క్‌షాపులో పనిముట్లకు సాన పట్టే టూల్ గ్రైండర్ మీద పోతపోసి ఉన్న పేరు అదే. ఐడీపీఎల్, హెచ్‌ఎంటీ, ఈసీఐఎల్, బీహెచ్‌ఈఎల్ అని కండక్టరు కేక వేస్తే అవి ఫ్యాక్టరీలని స్ఫురించనంతగా ఊరి పేర్లయిపోయాయి. మూతపడ్డ కార్ఖానా బస్టాపుగా మిగలడం చూసి చాలామంది నిట్టూరుస్తారు. నేను మాత్రం ఆ కార్ఖానా గేటులోంచి బయటికి వచ్చిన మనుషులు ఎటు వెళ్లారో చూడాలంటాను. వాళ్లు బాలానగర్ వచ్చారు.

1960 దశకంలో ఈ చుట్టుపక్కల కేంద్ర ప్రభుత్వ సంస్థలు ఒకదాని వెంట ఒకటి వెలిశాయి. రామచంద్రాపురంలో చెకోస్లొవేకియా సహకారంతో బీహెచ్‌ఈఎల్, సోవియట్ సహకారంతో ఐడీపీఎల్ మందుల కర్మాగారం, 1965లో హెచ్‌ఎంటీ యంత్రాల యూనిట్, 1967లో ఈసీఐఎల్, బాలానగర్‌లో విమానాల ఎలక్ట్రానిక్ పరికరాలు చేసే హెచ్‌ఏఎల్ ఏవియానిక్స్ విభాగం వచ్చాయి. అంత పెద్ద ఫ్యాక్టరీ ప్రతి బోల్టునూ బుష్‌నూ తానే చేసుకోదు, బయట ఇచ్చి చేయించుకుంటుంది. పగలు ఫ్యాక్టరీలో టర్నరుగా, అంటే లేత్ పనివాడిగా, పనిచేసినవాడు సాయంత్రం ఒక పాత లేత్ కొని రేకుల షెడ్డులో జాబ్ వర్క్ మొదలుపెట్టాడు. అతని దగ్గర పని నేర్చుకున్న కుర్రాడు నాలుగేళ్లకు పక్క సందులో ఇంకో షెడ్డు తెరిచాడు. బాలానగర్ పెరిగిన తీరంతా ఇదే. దీనికి చదువు తోడు చేసిన సంస్థ సీఐటీడీ. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం, అంతర్జాతీయ కార్మిక సంస్థల సహకారంతో 1968లో ఇక్కడే స్థాపించిన ఆ టూల్ డిజైన్ సంస్థలో చదివిన పిల్లవాడికి డ్రాయింగ్ చదవడం ఒకరు చెప్పనక్కరలేదు. నా శిష్యుడు మా దగ్గర డిప్లొమా అయ్యాక అక్కడే డై మేకింగ్ నేర్చుకున్నాడు.

అతని షెడ్డు ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకు తప్పుకోవలసిన సందులో ఉంది. లోపల కంప్యూటరు నడిపే సీఎన్‌సీ లేత్ ఒకటి, ఒక మిల్లింగ్ యంత్రం, రెండు గ్రైండర్లు, మూలన పాలిషింగ్ బల్ల. పనివాళ్లు ఏడుగురు. గాలి నిండా కూలెంట్ వాసన, కోత వేడిని చల్లార్చే ద్రవం అది. అతను తయారుచేసేది మందుబిళ్లలను అచ్చొత్తే పంచ్‌లు, డైలు. మనం మింగే ప్రతి మాత్రా పొడి రూపంలో డై రంధ్రంలో పడి, పైనుంచి ఒక పంచ్, కిందినుంచి ఒక పంచ్ నొక్కితే గట్టిపడుతుంది. మాత్ర నడుమ విరుచుకోవడానికి ఉండే గీత, దాని మీద ఉండే అక్షరం, అన్నీ పంచ్ మొన మీద చెక్కినవే. అయితే పంచ్ మీద అక్షరం అద్దంలో బొమ్మలా తిరగబడి ఉంటుంది.

ఒక పంచ్‌ను నా చేతిలో పెట్టాడు. జానెడు కూడా లేని ఉక్కు కడ్డీ, చేతికి బరువుగా, చల్లగా తగిలింది. వృత్తి అలవాటు కొద్దీ వెలుతురుకు పట్టి చూస్తే మొన మీది చిన్న గిన్నె లాంటి పల్లం నీటి బొట్టులా మెరిసింది. సాన పట్టిన గీత ఒక్కటి కూడా కనిపించలేదు. మూల బల్ల దగ్గర కూర్చున్న పాలిషింగ్ పనివాడు, నారాయణఖేడ్ నుంచి వచ్చినాయన, చెక్క పుల్ల చివర వజ్రపు పేస్టు అద్ది అలాంటి మొననే రుద్దుతున్నాడు. ‘‘గిక్కడ జరంత గీత ఉన్నా పొడి అంటుకుంటది సార్, గోలీ పైపెచ్చు ఊడొస్తది’’ అని భూతద్దం నాకు అందించాడు. ఒక మొన అద్దంలా తేలడానికి ఎంతసేపు రుద్దాలో ఏ డ్రాయింగులోనూ రాసి ఉండదు. అది ఆయన వేలికే తెలుసు. రాజమండ్రిలో నేను ముప్పయ్యేళ్లు పాఠంగా చెప్పిన ‘సర్ఫేస్ ఫినిష్’ అన్న మాటకు ఆ వేలిముద్రల్లో ఇంకిన నల్లటి పేస్టే నిజమైన అర్థమని ఆ బల్ల దగ్గర అనిపించింది.

ఇంకో సంగతి పొడవు. మాత్రలు నొక్కే చోట్లు, అంటే స్టేషన్లు, 45 ఉన్న యంత్రానికి 45 పై పంచ్‌లు, 45 కింది పంచ్‌లు, 45 డైలు కావాలి. వాటిలో ఒక్క పంచ్ పొడవు తేడా ఉన్నా దాని కింద పడ్డ మాత్ర మందం, గట్టితనం మారిపోతాయి. అందుకే ఒక్కటి బాగా చేయడం గొప్ప కాదు, తొంభై పంచ్‌లను ఒకేలా చేయడం గొప్ప. అతనికి హార్డెనింగ్, అంటే ఉక్కును కాల్చి గట్టిపరచడం, పక్క సందులో వ్యాక్యూమ్ ఫర్నేసు (గాలి తీసేసిన కొలిమి) ఉన్న షెడ్డులో, చెక్కడం ఇంకో షెడ్డులో, పెట్టెలు మరో షెడ్డులో జరుగుతాయి. అన్నీ స్కూటరు మీద పది నిమిషాల దూరమే. పొద్దున పది గంటలకు ఫర్నేసుకు వెళ్లిన కడ్డీల సంచి సాయంత్రానికి తిరిగి వచ్చింది. ఈ దగ్గరితనమే బాలానగర్ ఆస్తి. దీన్ని కొత్తగా ఒక పార్కులో కట్టి ఇవ్వడం చాలా కష్టం.

మధ్యాహ్నం జొన్న రొట్టె, పప్పు పంచుకుని తింటూ అతను మనసులోని బాధ చెప్పాడు. ఒక పెద్ద సంస్థ ఏడు నెలల కిందట తీసుకున్న సరుకుకు ఇంకా డబ్బు ఇవ్వలేదట. చిన్న పరిశ్రమలకు 45 రోజుల్లోగా చెల్లించాలని 2006 నాటి చట్టం చెబుతోంది. ఫిర్యాదు చేయడానికి ప్రభుత్వ పోర్టల్ కూడా ఉంది. ‘‘ఫిర్యాదు పెడితే డబ్బు వస్తుంది మాస్టారూ, మళ్లీ ఆర్డరు రాదు’’ అన్నాడు. దానికి నా దగ్గర సమాధానం లేకపోయింది. అతను స్టాలు పెట్టడానికి అసలు కారణం అదేనని అప్పుడే అర్థమైంది. కొనేవాళ్లు ఇద్దరే ఉంటే ఆ ఇద్దరి దయ మీద బతకాలి, పదిమంది తెలిస్తే గట్టిగా అడగవచ్చు.

మూడో రోజు: పటాన్‌చెరు, పాశమైలారం

మాత్రలు తయారయ్యే వైపు వెళ్లాను. రామచంద్రాపురంలో టర్బైన్లు, కంప్రెసర్లు చేసే బీహెచ్‌ఈఎల్ గేటు దగ్గర షిఫ్టు మారే వేళకు నిలబడి కాసేపు చూశాను. ఆ దారిలోనే పటాన్‌చెరు, ఇంకొంచెం ముందుకు పాశమైలారం.

హైదరాబాదు మందుల పరిశ్రమ చరిత్ర చెప్పేవారు ఐడీపీఎల్ దగ్గర మొదలుపెడతారు, అది న్యాయమే. అక్కడ ఉద్యోగం చేసి బయటికి వచ్చిన కె. అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. ఆయన ఒక్కరే కాదు, ఐడీపీఎల్‌లో రసాయన ప్రక్రియలు నేర్చిన ఎందరో సొంత యూనిట్లు పెట్టుకున్నారు. మందు పదార్థానికి గాక తయారీ ప్రక్రియకే పేటెంటు ఇచ్చిన 1970 నాటి చట్టం వారికి దారి ఇచ్చింది. అదే మందును వేరే దారిలో తయారుచేయగల రసాయన శాస్త్రజ్ఞులు ఈ నగరంలో అప్పటికే ఉన్నారు. బాలానగర్‌లో టర్నరుకు జరిగినదే ఇక్కడ కెమిస్టుకు జరిగింది.

కానీ ఈ దారిలో నడిచి, నక్కవాగు గురించి రాయకపోతే అబద్ధం రాసినట్టే అవుతుంది. పటాన్‌చెరు, బొల్లారం పరిశ్రమల వ్యర్థజలాలు దశాబ్దాలపాటు ఈ వాగులో కలిసి మంజీర వైపు పారాయి. పొలాలు, బావులు పాడైన రైతుల తరఫున 1990లోనే కేసు సుప్రీంకోర్టుకు చేరింది. వంతెన మీద ఆగి వాగును చూశాను. వాన నీటితో ఎర్రగా, మామూలు వాగులాగే పారుతోంది. పక్కన చెప్పులు కుట్టుకుంటున్న పెద్దాయన తన చిన్నతనంలో ఇందులో చేపలు పట్టేవారని చెప్పి, ఆ మాట మీదే ఆగిపోయాడు.

పాశమైలారంలో 2025 జూన్ 30న ఒక కర్మాగారంలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా కార్మికులు చనిపోయారు. ఒడిశా, బీహారు వంటి దూర ప్రాంతాల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవారే వారిలో ఎక్కువ. అక్కడ తయారయ్యేది సెల్యులోజ్ పొడి. మాత్రలో మందుతో పాటు కలిపి, పంచ్ నొక్కినప్పుడు మాత్రకు గట్టితనమిచ్చేది అదే. నిన్న నా చేతిలో పట్టుకున్న పంచ్ కింద పడే పొడి అదేనని తట్టగానే కాళ్లు ఆడలేదు. రోడ్డు పక్క కిరాణా కొట్టు దగ్గర కూలీలు కొందరు రీచార్జి చేయించుకుంటూ ఒడియాలో ఇంటికి మాట్లాడుతున్నారు. ఎగుమతుల లెక్క ఎంత పెద్దదైనా, ఆ మనిషి సాయంత్రం ఫోను చేయగలిగితేనే దానికి విలువ. కాలుష్యం కలిగించే పరిశ్రమలు ఔటర్ రింగ్ రోడ్డు ఆవలికి వెళ్లాలనడం సబబే. అయితే తనిఖీ చేసే అధికారి, రక్షణ పరికరాలు, వైద్యం కూడా వాటి వెంట ఆవలికి వెళ్లాలి. పొగ లేని, వ్యర్థజలం లేని లేత్ షెడ్డును కూడా అదే గాట కట్టి, స్థలం రేటు పెరిగిందని అపార్టుమెంటుగా మార్చేస్తే బాలానగర్ సందుల్లోని ఆ పది నిమిషాల దూరం తెగిపోతుంది.

నాలుగో రోజు: హైటెక్స్

తెల్లవారి అయిదింటికే షెడ్డు నుంచి ఆటో ట్రాలీలో సామాను ఎక్కించాం. గాజు పెట్టె ఒకటి, నల్లటి మఖమలు గుడ్డ, పదహారు పంచ్‌ల సెట్టు, పొడవులో సన్నటి తేడాను ముల్లుతో చూపే డయల్ గేజి ఒకటి, దాన్ని నిలబెట్టే గ్రానైట్ పలక. వాన తుంపర్లలో హైటెక్స్ కమాను కింద నుంచి లోపలికి వెళుతుంటే శిష్యుడు చేతులు రెండూ జోడించాడు. నేనూ జోడించాను.

ఇజ్జత్‌నగర్‌లో సుమారు 100 ఎకరాల ఈ ప్రదర్శన ప్రాంగణం 2003లో ప్రారంభమైంది. పక్కనే నిర్మాణ కార్మికులకు శిక్షణ ఇచ్చే నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ ఉంది. 2006లో హెచ్‌ఐసీసీ సమావేశ మందిరం తోడైంది. ఆ ఏడాదే ఆసియా అభివృద్ధి బ్యాంకు వార్షిక సమావేశం, 2012లో జీవవైవిధ్యంపై ఐక్యరాజ్యసమితి సదస్సు, 2017లో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు ఇక్కడే జరిగాయి. పేరు తెచ్చినవి అవి అయి ఉండవచ్చు. ఈ నగరానికి నిలకడగా పని తెచ్చేవి మాత్రం క్రమం తప్పకుండా వచ్చే వృత్తి ప్రదర్శనలేనని నేను నమ్ముతాను. నవంబరులో జరిగే పౌల్ట్రీ ఇండియానే చూడండి. చుట్టుపక్కల జిల్లాల్లో కోళ్ల షెడ్లు ఉండబట్టే దాణా యంత్రాలవాళ్లు, పంజరాలవాళ్లు దేశదేశాల నుంచి ఇక్కడికి వస్తారు. ఇరవై ఏళ్లకు పైగా బయోఏషియా సదస్సు జరుగుతోందంటే మందులు, టీకాల సంస్థలు గంట ప్రయాణంలో ఉండటమే కారణం. 2008 మార్చిలో విమానాలు శంషాబాదుకు తరలిపోగా బేగంపేట రన్‌వే ఖాళీ అయింది. అదే ఏడాది అక్కడ పౌర విమానయాన ప్రదర్శన పెట్టారు. రెండేళ్లకోసారి వింగ్స్ ఇండియా పేరుతో అది నేటికీ జరుగుతోంది. హాలు ఎవరైనా కట్టగలరు. హాలు నుంచి గంట దూరంలో తయారుచేసేవాడు, కొనేవాడు ఇద్దరూ ఉండటమే ఈ నగరానికి కలిసివచ్చింది.

తొమ్మిది దాటేసరికి హాలు మోతెక్కింది. మధ్య వరుసల్లో పెద్ద కంపెనీలు గదులంతటి మెషీనింగ్ సెంటర్లను నిలబెట్టి నడిపి చూపిస్తున్నాయి. గాజు తలుపు వెనక తెల్లటి కూలెంట్ ధారలో అల్యూమినియం దిమ్మ చూస్తుండగానే చక్రంగా మారుతోంది. ఒకచోట మార్కింగ్ లేజరు, ఇంకోచోట లోహాన్ని కోసే రంగు రంగుల ఇన్సర్టులు పళ్లెంలో మిఠాయిల్లా పేర్చి ఉన్నాయి. పాలిటెక్నిక్ పిల్లలు గుంపులుగా వచ్చారు. వాళ్లలో ఒకమ్మాయి అయిదు అక్షాల యంత్రం ముందు కదలకుండా ఇరవై నిమిషాలు నిలబడింది. టేబులు వంగినప్పుడు టూలు దాన్ని ఎందుకు తగలదని ఆపరేటరును అడిగింది. అతను స్క్రీను మీద నమూనా తిప్పి చూపించాడు. నా ఉద్యోగ జీవితంలో నేను పుస్తకంలో బొమ్మగా మాత్రమే చూపగలిగిన యంత్రం అది. ప్రదర్శన వల్ల కలిగే లాభాల జాబితాలో ఎవరూ రాయని లాభం ఆ ఇరవై నిమిషాలు.

మా స్టాలు హాలు చివర, మూడు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు. చిన్న పరిశ్రమలకు స్టాలు అద్దెలో కొంత భాగం కేంద్ర ప్రభుత్వ పథకం కింద తిరిగి వచ్చే వీలుంది. అది లేకపోతే తాను ఈ సాహసం చేసేవాణ్ణి కాదని శిష్యుడు చెప్పాడు. మధ్యాహ్నం దాకా వచ్చినవారంతా విజిటింగ్ కార్డు ఇచ్చి, కరపత్రం తీసుకుని, సంచీలో వేసుకుని వెళ్లారు. నల్ల మఖమలు మీద పదహారు పంచ్‌లు అలాగే మెరుస్తూ పడి ఉన్నాయి. శిష్యుడి ముఖం వాడిపోతుంటే, నేను ఒక పని చేయమన్నాను. గాజు పెట్టె మూత తీసేసి, గ్రానైట్ పలక బయట పెట్టి, డయల్ గేజిని దానిమీద నిలబెట్టమన్నాను. పని తెలిసినవాడికి కరపత్రం ఎందుకు, కొలుచుకోనివ్వాలి.

ఆ తరవాత ఆగినవాళ్లు వేరే రకం మనుషులు. ఒకాయన పంచ్ తీసి గేజి కింద పెట్టి, ముల్లు చూసి, ఏమీ అనకుండా రెండోది పెట్టాడు. నాగపూర్ నుంచి వచ్చిన ఒక యంత్రాల డీలరు ఏ ఉక్కు వాడతారని అడిగి రాసుకున్నాడు. సాయంత్రం అయిదు దాటాక, లైట్లు ఆర్పే వేళకు, చొక్కా జేబులో సొంత మైక్రోమీటరు పెట్టుకున్న నడివయసు మనిషి ఒకాయన వచ్చారు. మేడ్చల్ వైపు ఒక మాత్రల తయారీ యూనిట్‌లో మెయింటెనెన్స్ చూస్తారట. పదహారు పంచ్‌లూ వరుసగా కొలిచారు. అరగంట పట్టింది. ‘‘ఎగ్జిబిషనుకు ఏరి తెచ్చినవి ఇలాగే ఉంటాయి. షెడ్డులో రోజూ చేసేవి చూడాలి’’ అన్నారు. మా వాడి ముఖం ఎర్రబడింది గానీ, ‘‘తప్పకుండా రండి సార్, ఎల్లుండి పొద్దున’’ అని అడ్రసు రాసి ఇచ్చాడు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. ఆయన స్థానంలో నేనున్నా అదే అనేవాణ్ణి.

అయిదో రోజు: ఔటర్ మీదుగా ఆదిభట్ల

స్టాలు శిష్యుడికి వదిలి, 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డులో కొంత భాగం మీదుగా ఆదిభట్లలోని విమాన భాగాల కర్మాగారాల దాకా వెళ్లి వచ్చాను. సీ 130జే రవాణా విమానాల తోక భాగాలు, అపాచీ హెలికాప్టర్ల బాడీలు ఈ గోడల వెనక తయారవుతున్నాయి. లోపలికి అనుమతి లేదు, ఉండకూడదు కూడా. బయట ఎదురుచూస్తున్న బస్సుల్లోంచి దిగినవారంతా ఇరవై అయిదేళ్ల లోపు పిల్లలే. ఇబ్రహీంపట్నం, యాచారం చుట్టుపక్కల ఊళ్ల యాస వినిపించింది.

తిరుగు దారిలో రాయదుర్గంలోని టీ వర్క్స్‌లో గంట గడిపాను. 2023 మార్చిలో ప్రారంభమైన ఈ కేంద్రంలో, ఆలోచన ఉండి యంత్రం లేనివాడు తన నమూనాను తానే తయారుచేసుకోవచ్చు. రాష్ట్రంలో ప్రతి పాలిటెక్నిక్‌కు ఇలాంటిదొకటి, దీనిలో పదో వంతు ఉన్నా చాలు, ఇవ్వాలని కోరుకున్నాను. అక్కడి నుంచి మా స్టాలుకు చేరేసరికి కార్డుల డబ్బా సగం నిండింది.

ఆరో రోజు: మళ్లీ బాలానగర్

స్టాలులో బామ్మర్దిని కూర్చోబెట్టి శిష్యుడు తెల్లవారకముందే షెడ్డు తెరిచాడు. ఊడ్చి, నీళ్లు చల్లి, యంత్రాలకు పెట్టిన పసుపు కుంకుమలు కొత్తగా దిద్దారు. మేడ్చల్ ఆయన చెప్పిన సమయానికే, మోటారు సైకిలు మీద వానలో తడుస్తూ వచ్చారు. టీ వద్దన్నారు. తయారై పెట్టెల్లో పెట్టిన సరుకు వైపు చూడనేలేదు. నేరుగా గ్రైండరు దగ్గరికి వెళ్లి, అప్పుడే సాన మీదినుంచి దిగి ఇంకా తడిగా ఉన్న పంచ్‌ల ట్రేల్లోంచి తనకు తోచిన పది ఏరి, గుడ్డతో తుడిచి, గేజి కింద ఒక్కొక్కటే పెట్టారు. షెడ్డులో ఏడుగురూ పని ఆపేశారు. తొమ్మిది పంచ్‌లకు ముల్లు ఒక్కచోటే నిలిచింది. ఏడోదానికి మాత్రం కొద్దిగా జరిగింది.

గ్రైండరు మీద పనిచేసే కుర్రాడు, ఇరవై రెండేళ్లుంటాయేమో, ముందుకు వచ్చాడు. ‘‘అది వేరే పెట్టిన సార్, మళ్ల పట్టాలె అని. మీరు పక్క ట్రేలకెళ్లి తీసిండ్రు’’ అన్నాడు. ఆయన వంగి చూశారు. నిజంగానే ఆ ట్రే మూల మీద ఎర్ర మార్కరుతో గీత ఉంది. పక్కనే ఉన్న నోటు పుస్తకంలో ఏ పంచ్ ఎంత తేడా వచ్చిందో ఆ కుర్రాడి చేతిరాతతో తెలుగు అంకెల పట్టీ ఉంది. ఆయన ఆ పుస్తకం తీసి, వెనక్కి వెనక్కి పేజీలు తిప్పుతూ చాలాసేపు చదివారు. పంచ్‌లను కొలవడానికి పట్టిన సమయం కన్నా పుస్తకం చదవడానికే ఎక్కువ పట్టింది.

తరవాత సంచిలోంచి ఒక డ్రాయింగ్ తీసి బల్ల మీద పరిచారు. పదహారు పై పంచ్‌లు, పదహారు కింది పంచ్‌లు, పదహారు డైలు, ముందుగా ఒక సెట్టు. డబ్బు ఎన్ని రోజులకు ఇస్తారని మా వాడు అడిగాడు. ఆ మాట అడిగేటప్పుడు అతని గొంతు వణకలేదు. ‘‘ముప్పై రోజులు. ఆర్డరు కాగితంలో రాసే ఇస్తాం’’ అన్నారాయన.

సాయంత్రం గోదావరికి నాంపల్లి వెళ్లాలి కాబట్టి నేను మధ్యాహ్నమే బయలుదేరాను. పాలిషింగ్ పనివాడు ఒక పాత పంచ్‌ను, నూనె కాగితంలో చుట్టి, నా చేతిలో పెట్టాడు. సందు చివరి దాకా వచ్చిన శిష్యుడు నన్ను ఆటో ఎక్కించి, వెనుదిరిగి పరుగులాంటి నడకతో షెడ్డులోకి వెళ్లిపోయాడు. ఆటో కదిలేలోపే గ్రైండరు చప్పుడు మళ్లీ మొదలైంది.